ముంపోళ్ళు

నిన్న జమ్మలమడుగు రెవెన్యూ ఆఫీసులో ఒక దరఖాస్తు మీద 'ముంపు' అనే మాట చూడగానే నాకు ఒళ్ళు మండింది.

మా ఊరు జలాశయంలో మునిగాక కొత్త కాలనీకి వచ్చాం. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. పక్క ఊరి కుళాయి దగ్గర ఒకామె నా బిందెను కాలితో తోసేసింది.

"ముంపోళ్ళకు ఈడ నీళ్ళు లేవు, పో."

ముంపంటే అంటురోగం అనుకున్నాను. ఇంటికి వెళ్ళి చెల్లెలిని కూడా ముట్టుకోలేదు.

"నాయనా, మన ముంపు ఎప్పుడు తగ్గుతాది?"

"అది రోగం గాదు పాపా. మునగడంలోంచి వచ్చిన మాట. మనూరు మునిగిపాయ గదా."

"ఎవరు ముంచినారు?"

నాయన ఖాళీ బిందె తీసుకుని కుళాయి వైపు నడిచాడు.

ఆ కుళాయి ఆమె మీద కోపం ఏనాడో పోయింది. ఆ మాట మీద మాత్రం పోలేదు. 'ముంచారు' అంటే ఎవరని అడుగుతారు. 'ముంపు' అంటే ఎవరూ అడగరు.