టిపికల్ బాపు

నా చదువు ఏడో తరగతితో ఆగింది. బడికీ నాకూ గొడవేం లేదు, ఒకరినొకరం వదిలేసి ఇద్దరం సుఖపడ్డాం. కాశిబుగ్గలో కిరాణా కొట్టు పెట్టాక ఇంగ్లిషుతో పెద్దగా పని పడలేదు. సబ్బుల పేర్లు వస్తే చాలు.

'టిపికల్' అన్న మాట మాత్రం కాలేజీకి పోయే నా బిడ్డ దగ్గర నేర్చుకున్నాను. ఒకరోజు బిడ్డ కొట్లో ఉండగా, కందిపప్పు మంచిగా ఉడుకుతుందా అని ఒకావిడ అడిగింది.

"మీ ఇంట్ల గ్యాసుంటే ఉడుకుతదమ్మా" అన్నాను.

ఆవిడ నవ్వింది. బిడ్డ నవ్వలేదు.

"టిపికల్ బాపు."

"అది తిట్టా, బిడ్డా?"

"తిట్టు కాదు. మనిషిని సూడకున్నా గీ పని గీయనదే అని ఎర్కైతది సూడు, గది."

"మరి మంచికంటరా, చెడ్డకంటరా?"

"అనేటోళ్ల మొఖం సూస్తె తెలుస్తది."

అప్పుడు తన మొఖం చూస్తే తెలిసింది. పప్పు తూచే పనిలో పడ్డాను.

మొన్న ఎండాకాలం, కొట్లో బెల్లం తూస్తుండగానే కుడిచెయ్యి పడిపోయింది. దాంతోపాటే మాటా పోయింది. మాట తిరిగి వస్తుందో రాదో, వచ్చినా పాత మనిషే వస్తాడో లేదో దవాఖానాలో డాక్టరు చెప్పలేకపోయాడు. నాకు అన్నీ వినిపించేవి. జవాబులు లోపల వరసకట్టి నిలబడేవి, నోరు మాత్రం షట్టరు దించుకుని కూర్చుంది.

ఒక పొద్దున నా భార్య మంచం పక్కన నిలబడి చేతులు జోడించింది.

"తల్లీ సమ్మక్కా, గీ మనిషి మల్ల మాట్లాడితె మేడారమొచ్చి నిలువెత్తు బంగారమిచ్చుకుంట."

మేడారంలో బంగారమంటే బెల్లమే. తక్కెడలో ఒక పక్క మనిషి కూర్చుంటే, ఇంకో పక్క అంత బెల్లం పెట్టాలి. కిరాణావాడి ప్రాణం, ఊరుకోలేకపోయింది.

"జర... ఆగు" అన్నాను. నాలుక మొద్దులా తిరిగింది. "బక్కగైనంక... తూపియ్యి."

నా భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. గుమ్మంలో టిఫిన్ డబ్బాతో నిలబడ్డ బిడ్డ, "టిపికల్" అంది. అని, ఏడ్చింది. ఆ మొఖం చూశాను. ఆ మాటకు అంత మంచి అర్థం ఉంటుందని అప్పుడే తెలిసింది.

నేను బాగుపడడంలో డాక్టరు వాటా ఎంతో, సమ్మక్క తల్లి వాటా ఎంతో నేను తూచలేను. ఇద్దరికీ దండం.

ఇప్పుడు ఎడమ చేత్తో తూస్తున్నాను. మొన్న మేడారం పోయాం. తక్కెడ ఎక్కే ముందు నా భార్య చెట్టు కింద కూర్చోబెట్టి, వద్దన్నా వినకుండా రెండోసారి అన్నం పెట్టింది.

"తినవయ్యా, తల్లికిచ్చేకాడ తక్కువ కావద్దు."

బిడ్డ వైపు చూశాను.

"మీ అమ్మ టిపికల్."

నా మొఖం చూసి, నవ్వుతూ ఇంకో ముద్ద కలిపిచ్చింది బిడ్డ.