సంచిలో వేపాకు

మొన్న మా కోడలు దమ్మామ్‌లో పనిచేసే తన తమ్ముడికి రెండు కుట్టించిన కుర్తాలూ, ఒక డబ్బా సేమియా పంపుతానంటే సిరొంచ పోస్టాఫీసుకు తోడు వెళ్లాను. సరుకు దేశం దాటుతుంది కాబట్టి కస్టమ్స్ కాగితం నింపమన్నారు. లోపల ఏమున్నాయో రాసి, ఇవి తప్ప మరేమీ లేవని కింద సంతకం పెట్టాలి. "మీకు అలవాటే గద మామా, జర మీరే రాయుండ్రి" అని కోడలు కలం నా చేతికిచ్చింది. పేర్లు రాశాను గానీ సంతకం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఆ ఒక్క వాక్యంతో నాకు పాత బాకీ ఉంది.

మా ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, సర్కారు కచేరీలో మరాఠీ. వీటికి తోడు చంద్రపూర్‌లో చదివి కాస్త ఇంగ్లీషు పట్టుకొచ్చానని మా ఊరి సేటు తన బంక గోదాములో నన్ను రాతకోతల పనికి పెట్టుకున్నాడు. అడవిలో తపసి చెట్టుకు గాటు పెడితే కారే బంక అది. మా అమ్మీకి గోంద్, పర్మిట్లో డింక్, ఓడ కాగితంలో గమ్. ఒక్క సంచికి ఇన్ని పేర్లు, వాటికి పొంతన కుదర్చడమే నా కొలువు. ఇన్‌వాయిస్‌లో ఒకటీ, సంచి మీది ముద్రలో ఇంకొకటీ ఉంటే బొంబాయి రేవులో సరుకు అంగుళం కదలదు. ఆ బంకతో దొరలు కట్టుడుపళ్లు అతికించుకుంటారని అక్కడి ఏజెంటు చెప్పినప్పుడు గోదామంతా పడీపడీ నవ్వాం. ఇప్పుడు నా నోట్లోనూ అవే పళ్లు, నవ్వే ఓపికే లేదు.

గోదాములో బంక ఏరే ఆడవాళ్లకు పెద్దదిక్కు, జిమల్‌గట్ట అనే ఊరి నుంచి వచ్చిన ఒక విధవరాలు. అందరికీ అత్తే, నాకూ అత్తే. బెరడు ముక్కలు తీసి, తెల్ల బంక ఒక కుప్ప, ఎర్ర బంక ఒక కుప్ప పోయడంలో ఆమె కన్ను తప్పేది కాదు. సంచి మూతి కుట్టే ముందు మాత్రం గుప్పెడు వేపాకు లోపల వేసేది. జొన్నల గుమ్మిలో వేసినట్టే, పురుగు పట్టకుండా. వాళ్ల అమ్మ వేసింది, ఆమె వేసింది, అందులో తప్పేముందని ఎవరైనా అనుకుంటారా?

ఒక ఏడాది ఏజెంటు ఇంగ్లీషులో ఉత్తరం రాశాడు. అవతలి దేశంవాళ్లు కట్టుదిట్టం చేశారనీ, సంచుల్లో ఆకు, మట్టి ఏదీ కనిపించకూడదనీ, గోదాములో అందరికీ చెప్పమనీ. చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. చదివి, ఫైల్లో పెట్టి, అత్తకు చెబుదాంలే అనుకుని చెప్పలేదు. చెబితే ఆమెతో వాదన, కుట్టిన సంచులన్నీ విప్పించాలి, లారీ సిద్ధంగా ఉంది. వేపాకేగా, విషమా అనుకున్నాను. బంక తప్ప మరేమీ లేదని కాగితం మీద నా చేత్తోనే రాశాను.

రేవులో సంచులు విప్పారు. కాగితంలో లేని ఆకు ప్రతి సంచిలోనూ ఉందని సరుకంతా ఆపేశారు, ఓడ వెళ్లిపోయింది, కొనేవాడు వద్దన్నాడు. ఉత్తరం ముందే రాశానని ఏజెంటు ఫోన్లో చెప్పేసరికి సేటు నన్ను అందరి ముందూ నిలబెట్టాడు. మా అబ్బాకు చూపు పోయి దర్జీ పని మానేసిన రోజులవి, ఇల్లు నా కొలువు మీదే నడిచేది. నేను వద్దన్నాననీ, అత్తే వినలేదనీ అన్నాను. అంత సులువుగా ఎట్లా అన్నానో ఇప్పటికీ నాకే తెలియదు.

అత్త నా ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. "అవు సేటు, అల్లుడు వద్దనే అన్నడు. నేనే మతిల వెట్టుకోలే" అంది. ఆ సాయంత్రమే సేటు ఆమెను పనిలోంచి తీసేశాడు. చీర కొంగుకు అంటిన బంక పొడి దులుపుకుని, నాతో పోయొస్తా అని కూడా చెప్పి బస్సెక్కింది. నా కొలువు నిలిచింది. ఆ తరువాత ఇరవై ఏళ్లకు పైగా అవే కాగితాలు రాశాను.

ఇప్పుడు వాటన్నిటికీ కంప్యూటరేనట, సంచి ముఖం చూడకుండానే గడిలో ఒక టిక్కు పెడితే చాలట. పడవల్లో దాటిన నదుల మీద వంతెనలు వచ్చాయి, గోదాము ఉన్నచోట సెల్‌ఫోన్ దుకాణాలు. అత్త చనిపోయిందని చాలా కాలానికి, ఆమె ఊరివైపు నుంచి వచ్చిన బస్సు కండక్టరు ఎవరితోనో అంటుంటే విన్నాను. నా మీద నాకు కోపం తెచ్చుకునే శక్తి కూడా ఇప్పుడు లేదు, అలసట ఒక్కటే మిగిలింది. నేను రాసిన కాగితాలు కలలోనైనా చూడని రేవులకు చేరాయి. జిమల్‌గట్టకు బస్సులో రెండు మూడు గంటల దారి. నువ్వు అబద్ధమెందుకు చెప్పావత్తా అని అడగడానికి ఒక్కసారైనా వెళ్లలేదు.