పైపులన్న ఎక్కడుంటే అక్కడే ప్లాను

ఆ రోజుల్లో నేను ఎంత నిటారుగా నిలబడేవాడినో తలుచుకుంటే ఇప్పుడు నాకే నడుము నొప్పి పుడుతుంది. మా తాత హయాంలో పదకొండు ఊళ్లు మా మాట వినేవట. మా నాన్న హయాంలో మా పాలేరు కూడా వినలేదు. నా వంతు వచ్చేసరికి మిగిలింది ఇంటిపేరు, తాతగారి నిలువెత్తు ఫొటో, ఎవరి ముందూ వంగకూడదన్న నియమం. ఫొటో తెచ్చుకునే వీలు లేదు కనుక నియమాన్ని ఒక్కదాన్నీ సామానులో పెట్టుకుని సౌదీలోని యాన్బు చేరాను. (దానికి విమానం వాళ్లు అదనపు బరువు డబ్బు కట్టించుకోలేదు.) రిఫైనరీ మరమ్మతుల కాంట్రాక్టులో డాక్యుమెంట్ కంట్రోలర్ ఉద్యోగం. డ్రాయింగులకు నంబర్లు వేయాలి, పాతవాటి మీద రద్దు ముద్ర కొట్టాలి, కొత్తవాటి మీద సంతకాలు సేకరించాలి. ఆ ముద్ర చేతిలో ఉన్నంతసేపూ మా తాత నాలో కూర్చునేవాడు.

మా సేఫ్టీ మేనేజరు అమెరికావాడు. ఎండలోనూ, నీడలోనూ, ఏసీ గదిలోనూ ఒకే టోపీ పెట్టేవాడు కనుక క్యాంపులో అందరికీ ఆయన పెద్దటోపీ. ఆయనకు వాళ్ల దేశపు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు, కోలబంతిని చేత్తో విసిరి, పట్టుకుని, చంకలో పెట్టుకుని పరుగెత్తే ఆట. ఏటా చలికాలంలో పక్క కాంట్రాక్టు వాళ్లతో ఒక మ్యాచ్ ఉండేది. జట్టుకు ఏడుగురు. మనిషిని కింద పడేయడం నిషేధం (సేఫ్టీ మేనేజరు కదా), నడుముకు కట్టిన గుడ్డపీలిక లాగితే చాలు. ముందువరుసలో మాత్రం భుజంతో భుజం తోసుకోవచ్చు. గెలిచిన జట్టుకు కాంపౌండులోని పచ్చగడ్డి మైదానం సీజనంతా శుక్రవారం సాయంత్రాలు సొంతం. రెండేళ్లుగా అది పక్కవాళ్లదే. మా క్యాంపు కార్మికులు కంకర మీద కబడ్డీ ఆడేవారు. సోమవారానికి మోకాలి గాయం మీద కట్టిన పక్కు మళ్లీ శుక్రవారం లేచిపోయేది. ఈసారి గెలిస్తే గడ్డి క్యాంపుదేనని పెద్దటోపీ మాట ఇచ్చాడు. ఆ మాటతో క్యాంపు క్యాంపంతా ఒక్కసారి నిద్రలేచినట్టయింది.

జట్టు రక్షణ ప్లాను గీసే పని నాకు వచ్చింది, కాగితాల మనిషిని కనుక. ముందు ముగ్గురు, మధ్యలో ఇద్దరు, వెనక ఇద్దరు, మనిషికొక గడి. ముందువాళ్లు తోసుకెళ్లి బంతి విసిరేవాడి మీద పడాలి, వెనకవాళ్లు బంతి అందుకునేవాళ్లను కాయాలి. నంబరు వేశాను, ముద్ర కొట్టాను, ఏడుగురి చేతా సంతకాలు పెట్టించాను. ముందువరుస నడిమి గడిలో పెట్టింది పైపులన్నని. జగిత్యాల వైపు మనిషి, ఇనుప పైపులతో పరంజా కట్టే స్కాఫోల్డింగ్ పని. ఇద్దరు మోసే పైపుని ఒక్కడే భుజాన వేసుకుని పాట పాడుకుంటూ పోయేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. క్యాంపంతా అన్నా అనేది, నేను తప్ప.

మొదటి రోజు ప్రాక్టీసులోనే తగువు వచ్చింది. ముందువరుసవాళ్లు వంగి ఒక చెయ్యి నేలకు ఆనించి సిద్ధంగా ఉండాలి. ఒకడు రాకపోతే పెద్దటోపీ నన్ను నిలబెట్టాడు. నిలబడ్డాను, అంతే. వంగమంటే మోకాళ్లు వంగాయి కానీ నడుము వంగలేదు.

“ఏం దొరా, నడుముల పైపేమన్న ఏసిన్రా? జెప్పు, తీసి జాయింటు సదురుత,” అన్నాడు పైపులన్న.

“మా వంశంలో కలెక్టరు ముందు కూడా ఎవరూ వంగలేదు,” అన్నాను.

“గా కలెక్టరు గూడ బంతి వట్టుకుని ఉర్కొచ్చిండా మరి?”

గట్టు మీద కూర్చున్న మా బస్సు డ్రైవరు, కడప చాచా, గ్లాసులో సులైమానీ టీ ఒలికేలా నవ్వాడు. “ఇడిసిపెట్టప్పా. బస్సులోనే సీటుకు ఆనుకోడు, నేలకేం ఆనుతాడు!”

నన్ను పక్కకు తప్పించారు. (నేనే తప్పుకున్నానని ఆ రోజు ఇంటికి ఫోన్‌లో చెప్పాను.) ఆట మొదలయ్యాక చూస్తే పైపులన్న నేనిచ్చిన గడిలో లేడు. నడుమ ఉండాల్సినవాడు అంచుకు పోయాడు. తరవాతి బంతికి చెయ్యి నేలకు ఆనించి, దూకబోతున్నట్టు కనబడి, వెనక్కి నాలుగడుగులు వేసి బంతి అందుకునేవాడి ముందు తేలాడు. ఆ తరవాత మళ్లీ నడుమ నుంచి ఇద్దరిని చెరోపక్కకు నెట్టుకుంటూ వచ్చాడు. నాకు ఒళ్లు మండింది. ఆఫీసుకెళ్లి అతని మీద లోపాల నివేదిక తయారు చేశాను, వెల్డింగు చెడితే రాసే ఫారమ్‌లోనే. లోపం: మనిషి డ్రాయింగ్ ప్రకారం లేడు. సవరణ: గడిలోకి తిరిగి రావాలి.

నివేదిక చదివి వినిపిస్తే పైపులన్న శ్రద్ధగా విన్నాడు. “కాయితంల నేను నడుమ ఉన్న. బంతి వట్టినోడు పక్కకెల్లి ఉర్కుతుండు. నేను ఆడనే నిలవడి కాయితానికి దండం పెట్టన్నా దొరా? కబడ్డీల కార్నర్ పట్టెటోనికి కవర్ రాదా? వచ్చెటోని కాలు సూడాలె. కాలు అబద్ధం చెప్పది.”

నేను ఫిర్యాదు పట్టుకుని పెద్దటోపీ దగ్గరకు వెళ్లాను. ఆయన చదివాడు, టోపీ తీశాడు (అంతకు ముందు ఎవరూ చూడలేదు, లోపల జుట్టు లేదు), నా ప్లాను అడిగి తీసుకుని నిలువునా చింపేశాడు. ఇలాంటివాడు ముప్పై ఏళ్లలో ఒకడు దొరుకుతాడని, నడుమా, అంచునా, వెనకా ఆడగలిగినవాడు ముందువరుసలో ఒక్కడుంటే మిగతా ఆరుగురూ మారిపోతారని, ఎదుటివాళ్లకు ఎవడు దూకుతాడో ఎవడు ఆగుతాడో ఎప్పటికీ తెలియదని చెప్పాడు. అతన్ని కాగితంలో ఇరికించకు, కాగితాన్ని అతని చుట్టూ గీయి అన్నాడు.

మ్యాచ్‌కు ముందు మిగిలిన ఆ రెండు వారాలూ నేను చూసింది మాటల్లో పెట్టడం కష్టం. అంత బరువైన మనిషి, కదిలితే కంకర చప్పుడయ్యేది కాదు. ఎదుటివాడి భుజం తగిలిన చోట గోడ ఉండేది, వాడు గోడను తోసేలోపు అది తలుపై తెరుచుకునేది, వాడు ముందుకు తూలేవాడు. అతను అంచుకు పోతే మా మధ్యవాడు నడుమకు జరిగేవాడు, వెనక్కి దిగితే వెనకవాడు ముందుకు దూకేవాడు. ఎవరికీ ఏమీ చెప్పకుండానే ఏడుగురూ ఒక చేతి వేళ్లలా కదిలేవారు. నేను ప్రతి సాయంత్రం కొత్త కాగితం గీసేవాణ్ని, మర్నాటికి పాతబడేది. రద్దు ముద్రలో సిరా అయిపోయింది.

మ్యాచ్ రోజు పక్క కాంట్రాక్టు నుంచి తలుపుకు అడ్డం పెట్టదగ్గ మనుషులు నలుగురు దిగారు. గట్టు మీద మా క్యాంపంతా ఉంది. సాయంత్రపు అసర్ నమాజుకు ఆట ఆపి మళ్లీ మొదలుపెట్టాం. చివరికొచ్చేసరికి మేం ఒక్క పాయింటు ముందున్నాం, బంతి వాళ్ల చేతిలో ఉంది, వాళ్లకు ఇంకొక్క విసురు మిగిలింది. అప్పుడే మా అంచు మనిషి, ఫిలిప్పీన్స్ వెల్డరు, మడమ మెలికపడి కూర్చున్నాడు. పెద్దటోపీ చుట్టూ చూశాడు. ఆడనివాళ్లలో బూట్లు వేసుకున్నవాణ్ని నేనొక్కణ్నే.

గట్టు మీద ఎవరో “ఖలాస్” అన్నారు. అది గడ్డి గురించేనని నాకు తెలుసు. మోకాళ్ల మీది పక్కులన్నీ నన్నే చూస్తున్నట్టనిపించింది. ఆ క్షణంలో నిజంగానే వంగబోయాను. తాతగారు క్షమించాలి.

“వంగకు దొరా,” అన్నాడు పక్కనుంచి పైపులన్న, మెల్లగా. “నిలవడు. ఆట షురువైన సంది గాళ్లు సూస్తున్నరు, చెయ్యి ఆనిచ్చినోడు దూకుతడు, నిలవడ్డోడు ఎనుకకు పోతడు అనుకుంటున్నరు. నువ్వు నిలవడు. బంతి లేవంగనే సీదా ముంగటికి పో. నేను ఎనుకకు పోత.”

“నాకు పరుగెత్తడం రాదు, అన్నా.” ఆ చివరి మాట నా నోట ఎలా వచ్చిందో తెలియదు.

“నడువు మరి. ఎట్ల నడుస్తవో గట్లనే నడువు.”

బంతి లేచింది. తలుపుకు అడ్డం పెట్టదగ్గ ఆ మనుషుల్లో ఇద్దరు పైపులన్న మీదికి దూకారు, అక్కడ పైపులన్న లేడు. నన్నెవరూ పట్టించుకోలేదు. తల ఎత్తి, చేతులు వెనక్కి కట్టుకుని (అలవాటు), బంతి విసిరేవాడి వైపు నడిచాను. అడ్డం లేకుండా, తొందర లేకుండా, సరాసరి తన మీదికే వస్తున్న మనిషిని చూసి వాడు బిత్తరపోయాడు. దీని వెనక ఇంకేదో పెద్ద పన్నాగం ఉందనుకున్నాడేమో, చేతిలో మంట ఉన్నట్టు బంతిని విసిరేశాడు. అది ఖాళీగా ఉండాల్సిన చోటికి వెళ్లింది. అక్కడ పైపులన్న గాలిలో ఉన్నాడు. అంత బరువు అంత ఎత్తు ఎలా లేచిందో నాకు ఈ రోజుకీ అర్థం కాదు. అరచేత్తో ఒక్క దెబ్బ. బంతి నేల మీద పడింది, వాళ్ల ఆఖరి అవకాశం పోయింది.

మరుసటి శుక్రవారం గడ్డి మైదానం గేటు మాకు తీశారు. కబడ్డీ ఆడతారనుకుని నేను గీతల కొలతలు రాసుకుని వెళ్లాను. ఎవరూ ఆడలేదు. చెప్పులు విప్పి ఊరికే నడిచారు, కాస్త నడిచి ఆగి పాదాల వైపు చూసుకున్నారు. పైపులన్న వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడు. నేను ఇస్త్రీ ప్యాంటుతో పక్కన నిలబడ్డాను.

“కూసో తమ్మీ,” అన్నాడు కళ్లు తెరవకుండానే. “గడ్డి ఏమనది.”

కూర్చున్నాను. చీకటి పడేదాకా లేవలేదు. మర్నాడు ప్యాంటు మీద పచ్చ మరకలు చూసి లాండ్రీ బంగ్లాదేశీ “క్యా హువా సాబ్?” అన్నాడు. “ఫుట్‌బాల్ ఖేలా,” అన్నాను ఛాతీ విరిచి. అతను ఎంతో గౌరవంగా తల ఊపి, డిఫెన్సా, అటాకా అని అడిగాడు. “డిఫెన్స్,” అన్నాను. పదమూడు అడుగులు నడిచానంతే, బంతిని ఒక్కసారీ తాకలేదని అతనికి చెప్పలేదు. ఆ నిటారు కుర్రవాడిని, అంటే అప్పటి నన్ను, ఇప్పుడు తలుచుకుంటే, పోనీలే, ఆ ఒక్క అబద్ధం ఉంచుకోనిద్దాం అనిపిస్తుంది.