ఏడవని పెళ్లికూతురు

మిర్యాలగూడలో బ్యూటీ పార్లర్ పెడుతున్నానంటే మా యాడి నవ్వింది. మా లంబాడీ ఇళ్లల్లో అమ్మను యాడి అంటాం. "ఎండల తిరిగే మొకాలు మనయి. ఎవరొస్తరు బిడ్డా నీ కాడికి?" అంది.

ఎవరొస్తారన్న బెంగ నాకు లేదు. ఎవరు పని చేస్తారన్నదే నా పంతం. సూర్యాపేటలో నేను పని నేర్చుకున్న చోట తండా పిల్లలను ఊడ్వడానికి పెట్టుకునేవాళ్ళు, కుర్చీ దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. దువ్వెన చేతికి వచ్చేదాకా నేను పడ్డ తిట్లు ఆ దేవుడికే ఎరుక. కాబట్టి నా షాపులో దువ్వెన పట్టేది మా తండా పిల్లలే కావాలనుకున్నాను. పత్తి ఏరే కూలి తప్ప వాళ్లకు వేరే దారి లేదు మరి.

తండాలో ఒక్కరూ పిల్లను పంపలేదు. తండా పెద్ద భార్యను మేమంతా పెద్దమ్మా అంటాం. అక్కడ ఆమె మాటే మాట. "ముందు మన పెండ్లిల నీ పని సూపెట్టు. మంచిగుంటే నా మనుమరాలినే పంపుత. లేకుంటే ఇగ అడగకు" అని తేల్చేసింది.

మాడుగులపల్లి దగ్గర మా తండాలోనే చిన్నాన్న కూతురి పెళ్లి కుదిరింది. కోదాడ నుంచి మంచి సామాను తెప్పించాను. చెల్లెను ముస్తాబు చేస్తూ, "కాటుక కారిందో నా షాపు ఖతం" అని ఆటపట్టించాను. ఎంత తెలివితక్కువదాన్ని!

మాలో అప్పగింతలప్పుడు పెళ్లికూతురు పెద్దలందరినీ ఒక్కొక్కరినే కౌగిలించుకుని, పాట కడుతూ ఏడవాలి. దాన్ని ఢావలో అంటారు. పెళ్లికి ముందే పెద్ద ఆడవాళ్లు నేర్పిస్తారు. నా పెళ్లికి నేనూ గొంతు పోయేలా ఏడ్చినదాన్నే. పట్నంలో పడి మరిచిపోయాను.

చెల్లె తల్లిని పట్టుకుని పాట ఎత్తుకుంది. కళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయి. నీళ్లు ఊరితే చాలు, తల పైకెత్తి ఆపుకుంటోంది. చిన్నమ్మ వెనక్కి జరిగి దాని ముఖంలోకి చూసింది.

"మమ్ముల ఇడిసిపోతుంటే జర గూడ బాధ లేదా బిడ్డా?"

ఎవరో వెనకనుంచి, "రంగు పూస్తే కండ్లు ఎండిపోయినయ్" అన్నారు. పెద్దమ్మ నా వైపు చూసింది. చెల్లె కూడా తల్లిని వదిలేసి నన్నే చూస్తోంది. నా షాపును కాపాడుతోంది పిచ్చిపిల్ల!

బిందెలో కొంగు తడిపి దాని ముఖం తుడిచేశాను. ఉదయమంతా కూర్చుని చేసిన పని మొత్తం కొంగుకు వచ్చేసింది.

"షాపు సంగతి నేను సూసుకుంట. నువ్వు ఏడువు" అన్నాను.

అది చిన్నమ్మ మెడను వాటేసుకుని ఏడ్చిన ఏడుపుకు మగపెళ్లివాళ్ళు కూడా కళ్ళు ఒత్తుకున్నారు. నేను సామాను సర్దుకుని, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను.

వారం తిరగకుండా పెద్దమ్మ మనుమరాలిని వెంటబెట్టుకుని షాపుకొచ్చింది.

"నా పని నచ్చలేదు గద పెద్దమ్మా?"

"నీ పని నేనేడ సూసిన? తుడిసేసినవ్ గద" అంటూ వచ్చి కుర్చీలో కూర్చుంది. "పిల్లకు ముందుగాల ఆ తుడుసుడే నేర్పు."

నేను ఏడ్చాను, ఎవరూ నేర్పకుండానే.