అమ్మ పాటలో ఒక్క అక్షరం

మా చిన్నతనంలో పుస్తకాలు మా ఇంటికి పుస్తకాలుగా వచ్చేవి కావు... పొడుగాటి కాగితాలుగా వచ్చేవి. సిరా వాసన ఇంకా పోకుండానే, చుట్టచుట్టి సైకిల్ వెనక కట్టుకుని నాయన తెచ్చేవాడు.

నాయన తిరుపతిలో విశ్వవిద్యాలయం వాళ్ల ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. పుస్తకం అచ్చు కాకముందే తప్పులు పట్టుకునే పని. అమ్మ ఉన్నన్నాళ్లూ ప్రెస్సులోనే కూర్చుని ఆ పని చేసేవాడు. బాగా చీకటి పడ్డాకే ఇంటికి వచ్చేవాడు. అమ్మ కామెర్లతో పోయాక, నేను ఒక్కదాన్నే ఉంటానని పని ఇంటికి తెచ్చుకోవడం మొదలుపెట్టాడు...

నాకప్పుడు తొమ్మిదేళ్లు. బడి నుంచి వచ్చి, ఇంత సంగటీ ఊరుబిండి పచ్చడీ తిన్నాక ఇద్దరం అరుగు మీద కూర్చునేవాళ్లం. రచయిత చేతిరాత నేను పైకి చదవాలి. నాయన ప్రూఫు మీద పెన్సిల్ జరుపుతూ సరిచూసుకుంటాడు. కామాలూ చుక్కలూ కూడా వదలకుండా చదవాలి.

మా ఇద్దరి మధ్య మాటలంటే అవే... అమ్మ పోయాక నాయన మాట్లాడడం దాదాపు మానేశాడు. నేనూ అడిగేదాన్ని కాదు. ఎవరో రాసిన వాక్యాలే మా ఇంట్లో వినిపించేవి. శాసనాలు, వేరుశనగ తెగుళ్లు, వ్యాకరణం... సగం అర్థమయ్యేవి కావు. అయినా ఆ కాగితాలు ఎక్కడ అయిపోతాయోనని దిగులుగా ఉండేది. అయిపోతే ఇల్లు మళ్లీ మూగబోతుంది.

ఒకసారి మా జిల్లా ఆడవాళ్ల పాటల పుస్తకం వచ్చింది. విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పే ఒక సారు ఊరూరా తిరిగి రాసుకొచ్చిన పాటలు. విసురురాయి పాటలు, నాట్ల పాటలు అయ్యాయి. జోలపాటలు మొదలయ్యాయి.

"సింతకొమ్మల్లోన సీకటై పోయె... నిద్రపోకే తల్లీ, నాయనొచ్చేదాకా..."

నాయన పెన్సిల్ ఆగింది.

"పోకేనా? ఈడ 'నిద్రపోవే' అని ఉండాది. రాతలో ఏముండాదో బాగా సూడు పాపా."

చూశాను. రాతలోనూ 'నిద్రపోవే' అనే ఉంది. అదే చెప్పాను.

"మరి నువ్వు పోకే అంటివే?"

"అమ్మ అట్లే పాడతా ఉన్నింది నాయనా."

"జోలపాటలో నిద్రపోవద్దని ఎవురన్నా పాడతారా?"

"అమ్మ పాడేది. నువ్వొచ్చేదాకా... నాకు కన్ను మూతపడితే బుగ్గ గిల్లి మళ్లీ పాడేది. ఒక్కదానికే బయమేస్తాది, నువ్వన్నా మేలుకోవే అనేది."



అమ్మ పుట్టిల్లు పాకాల. పెళ్లయ్యాక తిరుపతిలో అద్దె ఇంటికి వచ్చింది. ఈ ఊళ్లో ఆమెకు తెలిసినవాళ్లంటూ ఎవరూ లేరు. ఆ సంగతి నాయనకు అప్పుడే తట్టిందో ఏమో... కాగితాలు పక్కన పెట్టి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నాకేం చేయాలో తెలియక, దగ్గరికి పోయి ఆయన వీపుకు ఆనుకుని కూర్చున్నాను.

అటు తిరిగే అడిగాడు... "ఇంకా ఏమేమి పాడేది పాపా?"

అమ్మ గురించి మేమిద్దరం మాట్లాడుకోవడం అదే మొదలు.

మరుసటి రోజు నాయన ఆ సారు దగ్గరికి పోయి సంగతి చెప్పాడట. "ఇట్లాంటిది నాకు యాడా దొరకలేదప్పా, పేజీ అడుగున వేద్దాం" అన్నాడట ఆయన. పుస్తకం అచ్చయి వచ్చినప్పుడు నాయన ఆ పేజీ తీసి నా ఒళ్లో పెట్టాడు. అడుగున చిన్న అక్షరాల్లో... 'పాకాల వైపు "నిద్రపోకే" అని పాడడం కద్దు.'

అంతే. అమ్మ పేరు లేదు. మాకు అదే చాలనిపించింది.

ఆ తర్వాత నాయనా పోయాడు. ఇల్లు మారడంలో ఆ పుస్తకం ఎక్కడో జారిపోయింది. ఎన్ని పాత పుస్తకాల కొట్లు వెతికినా దొరకలేదు.

పోయిన వారం ఫోన్లో చూశాను... విశ్వవిద్యాలయం వాళ్లు వేసిన కొత్త పుస్తకాల, మళ్లీ అచ్చేసిన పాత పుస్తకాల జాబితా. వాటిలో ఈ పాటల పుస్తకం! తెల్లారి, ఇప్పుడు నేనుండే చిత్తూరులో తిరుపతికి మొదటి బస్సు పట్టుకున్నాను.

నున్నటి అట్ట, తెల్లటి కాగితం. విశ్వవిద్యాలయం అమ్మకాల గదిలో నిలబడే జోలపాటల పేజీ తీశాను. అడుగున ఆ వాక్యం ఉంది. 'పాకాల వైపు "నిద్రపోవే" అని పాడడం కద్దు.'

పైన పాటలోనూ పోవే... కిందా పోవే.

"ఏమన్నా చిరిగి ఉండాదా మేడం? ఇంకొకటి ఇస్తాను" అంది కౌంటర్లో అమ్మాయి.

"చిరగలేదమ్మా. ఒక అక్షరం తప్పు పడింది."

వంగి చూసింది. "నిద్రపోవే... కరెక్టే కదా మేడం? జోలపాట కదా."

ఆ పిల్ల తప్పేముంది... విషయమంతా చెప్పాను. శ్రద్ధగా విని, "మళ్లీ అచ్చేసేటప్పుడు మార్చమని మా సార్‌కి చెప్తాను" అంది. ఇప్పుడు ఇద్దరు కూర్చుని పైకి చదివి సరిచూసే పద్ధతి లేదట. కంప్యూటర్‌లో కొట్టి పంపేస్తారట.

ఆ పుస్తకమే కొనుక్కుని ఇంటికొచ్చాను. ఇంట్లో నేనొక్కదాన్నే. ఎవరికైనా చెప్పాలనిపించి పాకాలలో మా పిన్నికి ఫోన్ చేశాను. అమ్మ తోడబుట్టినవాళ్లలో ఆమె ఒక్కతే మిగిలింది.

"పిన్నీ, ఆ పాట మీరంతా 'నిద్రపోకే' అనే కదా పాడేది?"

"లేదు పాపా... మేమంతా పోవే అనే పాడతా ఉంటిమి. ఈడ ఇంటినిండా మనుషులు, బిడ్డ నిద్రపోతే చాలనుకొనేవాళ్లం. పోకే అని ఎవురూ పాడలా. మీయమ్మ తిరుపతికి పోయినాక మార్చుకొని ఉంటాది."

ఫోన్ పెట్టేశాక ఆ పేజీ మళ్లీ తీశాను... ఇన్నేళ్లూ అది ఒక ఊరి పాట అనుకున్నాను. ఊరిది కాదు. తిరుపతిలో ఒక అద్దె ఇంట్లో, ఒక్క మనిషి, ఒక్క బిడ్డ కోసం పాడుకున్నది.

మీ ఇళ్లలోనూ ఏదో ఒక పాటను అమ్మో అవ్వో తమకు తోచినట్టు మార్చి పాడే ఉంటారు... గుర్తుంటే కింద రాయండి. తప్పులా కనిపించినా సరే... దిద్దకుండా రాయండి.