గుండుసూదక్క పది గుటకలు

ఆసుపత్రి చీటీ మీద రాయాల్సి వచ్చేదాకా ఆవిడ అసలు పేరు వీధిలో ఎవరికీ తెలియదు. అందరికీ ఆవిడ గుండుసూదక్క. బట్టలు కుడుతుంది. పెదాల మధ్య ఎప్పుడూ ఆరో ఎనిమిదో గుండుసూదులు ఉంటాయి. నోట్లో నువ్వుగింజ నానదని కొందరి గురించి అంటారు. ఈవిడ నోట్లో సూదులు నానుతూ ఉండగానే కబుర్లన్నీ సందుల్లోంచి బయటికొచ్చేవి.

ఇంటి ముందుగదే ఆవిడ షాపు. కిటికీ పక్కన మిషను, గోడకు ఆనించిన నిలువుటద్దం, ఇస్త్రీ బల్ల, ఒక ముక్కాలి పీట. బడి యూనిఫాంలు కుడుతుంది, కర్టెన్లు కుడుతుంది, లావైనవాళ్ళ ప్యాంట్లు వదులు చేస్తుంది. భర్త స్కూలు వ్యాను నడుపుతాడు. ముక్కాలి పీట మాత్రం అత్తగారిది. ఎనభై ఏళ్ళ ఆవిడ పొద్దుటి నుంచి దాని మీద కూర్చుని గుండీలు ఏరి రంగుల వారీగా సీసాల్లో వేస్తూ ఉంటుంది. ఎడమ చెవి పూర్తిగా పోయిందనీ, కుడి చెవి కూడా అదే దారిలో ఉందనీ ఆవిడే ప్రకటించి ఆరేళ్ళయింది. అప్పటినుంచి ఆవిడకు చెప్పాల్సినవి ఇంట్లోవాళ్ళు అరిచి చెబుతారు, చెప్పకూడనివి మామూలు గొంతుతో ఆవిడ ఎదుటే మాట్లాడుకుంటారు. ఈ సౌకర్యాన్ని ఎక్కువగా వాడుకున్నది గుండుసూదక్కే.

గుండుసూదక్కకు మింగడం కష్టమై రెండేళ్ళు కావస్తోంది. ముందు రొట్టె మొరాయించింది, తర్వాత అన్నం, ఆ తర్వాత ఒక్కోరోజు మంచినీళ్ళు కూడా. ముద్ద గొంతు దాటేది గానీ గుండెల మధ్యకొచ్చి అక్కడే బైఠాయించేది. దాన్ని కిందికి పంపడానికి ఆవిడ ఒక ఉపాయం కనిపెట్టింది. లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, ఒళ్ళు సాగదీసి, గుక్కెడు నీళ్ళు తాగి, "దిగు తల్లీ, దిగు" అని గొణిగితే అది గుబుక్కున జారేది. ఇంట్లో అయితే అన్నం మధ్యలో లేచి బీరువా మీద ఏదో వెతుకుతున్నట్టు నటించేది. ఎవరైనా భోజనానికి పిలిస్తే వాళ్ళ కిటికీ దగ్గరికెళ్ళి కర్టెన్ కొలత చూస్తున్నట్టు చేతులెత్తేది. పనంటే ఎంత ప్రాణమో అని వాళ్ళు మెచ్చుకునేవారు. తమ బీరువా మీద ఇన్ని వస్తువులు ఉన్నాయా అని భర్త ఆశ్చర్యపోయేవాడు.

ఎనిమిది కిలోలు తగ్గాక ఆ ఆశ్చర్యం భయంగా మారింది. సూది మింగేసి ఉంటావు అన్నాడు. తన సూదులకు తన దగ్గర లెక్కుందని ఆవిడ పోట్లాడింది. ఎక్స్‌రేలో సూది లేదు. నోట్లోంచి కెమెరా పంపి చూస్తే పుండూ లేదు, గడ్డా లేదు. అప్పుడు డాక్టరు ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. అన్నవాహిక ఉత్త గొట్టం కాదట. అది కండరం. ముద్దను అలలు అలలుగా కిందికి నెడుతుందట, అడుగున ఉన్న మూత తెరుచుకుని లోపలికి రానిస్తుందట. ఆ నెట్టడం, ఆ తెరుచుకోవడం సరిగ్గా జరుగుతున్నాయో లేదో కొలవాలి. దానికి ఒక సన్నటి గొట్టాన్ని ముక్కులోంచి కడుపుదాకా పంపుతారు. మత్తు ఇవ్వరు, ఎందుకంటే మెలకువగా ఉండి గుటకలు వేయాల్సింది పేషెంటే.

"ముక్కులోంచా?" అంది గుండుసూదక్క.

"ముక్కులోంచే," అన్నాడు డాక్టరు.

భర్తకు బడిపిల్లలను దింపే పని ఉండటంతో మొదటిసారి ఆవిడ ఒక్కతే వెళ్ళింది. చిన్న గది. ఒక మంచం, ఒక కంప్యూటరు, కొక్కేనికి చుట్టలు చుట్టి వేలాడుతున్న గొట్టం. అది సైకిలు బ్రేకు తీగ కంటే కాస్త లావుంది. పరీక్ష చేసే ఆవిడ నెమ్మదస్తురాలు, కళ్ళజోడు మనిషి. ముక్కు మొద్దుబారడానికి ఏదో జెల్లు రాసి, గొట్టం మొన లోపలికి పెట్టింది. అది ముక్కు వెనక మలుపు తిరిగేసరికి గుండుసూదక్కకు కళ్ళలోంచి నీళ్ళు, కడుపులోంచి డోకు ఒకేసారి వచ్చాయి. చటుక్కున తానే లాగి పారేసింది. కాసేపు ఊపిరి తీసుకుని, ఒక్కసారి బాత్రూమ్‌కి వెళ్ళొస్తాను అని మర్యాదగా అడిగింది. బాత్రూమ్ పక్కన మెట్లున్నాయి. మెట్ల కింద గేటుంది. గేటు ముందు బస్సు ఆగి ఉంది.

ఇంటికొచ్చేసరికి ముక్కు సగం ఇంకా మొద్దుగానే ఉంది. పరీక్ష అయిపోయిందనీ, అంతా బాగుందన్నారనీ, కాస్త గ్యాసేననీ చెప్పింది. అబద్ధం మరీ పొట్టిగా ఉన్నట్టు అనిపించి, ఇంత ధైర్యస్తురాలిని తన సర్వీసులో చూడలేదని పరీక్ష చేసినావిడ మెచ్చుకుందని కూడా చేర్చింది. భర్త సంతోషించాడు. అత్తగారు చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, ఏమన్నారని మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అదే అబద్ధాన్ని వీధి చివరిదాకా వినిపించేలా అరవాల్సి వచ్చింది.

మూడోనాడు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. అత్తగారు ఎదురుగానే గుండీలు ఏరుకుంటోంది. గుండుసూదక్క గొంతు తగ్గించాల్సిన అవసరం కూడా లేదనుకుంది. అవును, పారిపోయింది తనేనని ఒప్పుకుంది. ఇంట్లో ఇంకా తెలియదని చెప్పింది. ఆ గొట్టం చూస్తేనే ప్రాణం పోతోందని మొర పెట్టుకుంది. గురువారం పదింటికి మీ కోసం ఖాళీ ఉంచుతాం, రండి అని అవతలివాళ్ళు నచ్చజెప్పారు. ఫోను పెట్టేసి, గురువారమూ లేదు, పదిగంటలూ లేదు, చచ్చినా వెళ్ళను అని గోడకు చెప్పుకుంది. అత్తగారు తల ఎత్తలేదు. నీలం గుండీ ఒకటి తెల్లవాటిలో పడితే తీసి వేరే సీసాలో వేసింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనం అత్తగారే వడ్డించింది. ఎన్నో ఏళ్ళుగా లేని వింత అది. పళ్ళెంలో ఎండు రొట్టె, బాగా ఉడికిన రెండు గుడ్లు, ఉత్త బంగాళాదుంప ముక్కలు. బల్ల మీద చుక్క నీళ్ళు లేవు.

"జబ్బేం లేదని తేలింది కదమ్మాయ్. ఇవాళ కడుపునిండా తిను," అంది.

గుండుసూదక్క తిన్నది మూడు ముద్దలు. పచ్చసొన రొట్టెతో కలిసి గుండెల మధ్య సిమెంటులా గట్టిపడింది. మింగలేదు, కక్కలేదు. లేచి బీరువా వైపు నడిచింది.

"ఏం కావాలి? దాని మీద ఏమీ లేదు. పొద్దునే అన్నీ దింపించేశాను," అంది అత్తగారు.

ఇక దాచడానికేమీ మిగల్లేదు. తిన్నదంతా వాష్‌బేసిన్‌లోకి వచ్చేసింది. వెనకనుంచి ఎముకల చెయ్యి ఒకటి వచ్చి వీపు రాసింది. "గురువారం నేనూ వస్తాను," అంది అత్తగారు. గురువారమని ఆవిడకు ఎలా తెలుసో అడిగే ఓపిక కూడా కోడలికి అప్పుడు లేదు.

గురువారం పొద్దున్న ఇద్దరూ వెళ్ళారు. పరీక్ష చేసే ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసి, "బాత్రూమ్‌కి ముందే వెళ్ళొచ్చారా అమ్మా?" అని మాత్రం అడిగింది. గుండుసూదక్క తేలు కుట్టిన దొంగలా తలూపింది.

గడ్డం గుండెకు ఆనించి, స్ట్రాతో నీళ్ళు తాగుతూ ఉండమంది. గుటక పడ్డప్పుడల్లా గొట్టం కొంచెం కొంచెం జారుతుంది. మొదటి మలుపులోనే మళ్ళీ కళ్ళు కుండపోత, మళ్ళీ డోకు. కుడిచెయ్యి దానంతట అదే గొట్టం మీదికి వెళ్ళింది. అత్తగారు ఆ మణికట్టు పట్టుకుంది. గుండీలు ఏరే చేతికి అంత పట్టు ఉంటుందని కోడలు అనుకోలేదు. "నోటితో ఊపిరి పీల్చమ్మాయ్. తాగు, ఇంకో గుటక. అదిగో, పోతోంది," అంటూనే ఉంది ఆవిడ. ఓ నిమిషానికి గొంతు దాటింది. దాటాక డోకు తగ్గింది. ముక్కు దగ్గర ప్లాస్టరు అంటించి, గుండుసూదక్కను వెల్లకిలా పడుకోబెట్టారు.

పరీక్ష చేసే ఆవిడ నియమాలు చెప్పింది. సిరంజితో కాసిని నీళ్ళు నోట్లో పోస్తుంది. మింగమన్నప్పుడు ఒకే ఒక్కసారి మింగాలి. ఆ తర్వాత అరనిమిషం పాటు ఉమ్మి కూడా మింగకూడదు, దగ్గకూడదు, మాట్లాడకూడదు. ఇలా పదిసార్లు.

"అంటే ఇది అయ్యేదాకా తను మాట్లాడకూడదన్నమాట," అంది అత్తగారు.

"అస్సలు కూడదు మామ్మగారూ."

"ముప్పై ఏళ్ళుగా ఈ రోజు కోసమే చూస్తున్నాను," అంటూ అత్తగారు కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుంది.

మొదటి గుటక పడింది. మింగకుండా ఆగాల్సిన ఆ అరనిమిషం గొట్టం కన్నా కష్టంగా ఉంది. వద్దన్నకొద్దీ నోరూరింది. సరిగ్గా అప్పుడు అత్తగారు మొదలుపెట్టింది.

"నీ పెద్ద కత్తెర గుర్తుందా? పక్కింటావిడ తీసిందని ఏడాదిపాటు ఆమెతో మాట్లాడటం మానేశావు. ఆమె తీయలేదు. నేనే దాంతో కంచె తీగ కత్తిరించాను, మొన విరిగింది. పూలకుండీలో పాతిపెట్టేశాను."

గుండుసూదక్క కళ్ళు పెద్దవయ్యాయి. నోరు తెరవబోతే పరీక్ష చేసే ఆవిడ వేలు చూపించింది. తర్వాత ముసలావిడను కూడా ఊరుకోమని చెప్పబోయి, కంప్యూటరు తెర వైపు చూసి ఆగిపోయింది. పేషెంటు ఊపిరి నెమ్మదించింది. కాళ్ళు బిగదీసుకోవడం మానేసింది. సరే, మధ్యమధ్యలో మాట్లాడండి గానీ నవ్వించకండి అంది.

రెండు, మూడు, నాలుగు గుటకలు పాత నేరాలతోనే గడిచాయి. పెళ్ళైన కొత్తలో కోడలు కుట్టిన దిండుగలీబులను తానే కుట్టానని చుట్టాలకు చెప్పుకున్న సంగతి అందులో ఒకటి. గుండుసూదక్క మిషను దగ్గర ఎప్పుడూ జేబులో ఉంచుకునే సుద్దముక్క తీసి, తన మీద కప్పిన ముదురు దుప్పటి మీద 'లేచాక చెప్తా' అని రాసింది. దుప్పటి ఆసుపత్రిది అని పరీక్ష చేసే ఆవిడ గుర్తు చేసింది.

ఐదో గుటక నోట్లో ఉండగా అత్తగారు వంగి మెల్లగా అంది. "ఇంకోటి. నాకు రెండు చెవులూ బాగానే వినిపిస్తాయి."

గుండుసూదక్క పైకప్పు వైపు చూసింది. ఆరేళ్ళు. ఆరేళ్ళుగా ఆ పీట ఎదురుగా తను గొణిగిన గొణుగుళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి వరసగా నిలబడ్డాయి.

"మొదట్లో నిజంగానే దిబ్బడేసింది. నెలకి తగ్గిపోయింది. కానీ చెవిటిదాన్నయ్యాక ఇంట్లో సంగతులన్నీ నా ముందే మాట్లాడుకుంటున్నారాయె. వదులుకోబుద్ధి కాలేదు. మొన్న మంగళవారం, 'ముసలావిడకి పళ్ళు పోయినా కరవడం పోలేదు' అన్నావు చూడు, అది బాగుంది. పక్కింటావిడకి కూడా చెప్పాను."

ఆ నీళ్ళు మింగలేదు. నవ్వుతో పాటు ఖాళీగా ఉన్న రెండో ముక్కురంధ్రంలోంచి బయటికొచ్చాయి. తెర మీద గీతలన్నీ పిచ్చిగా లేచి పడ్డాయి. "ఇది లెక్కలోకి రాదు," అంది పరీక్ష చేసే ఆవిడ, తన నవ్వు ఆపుకుంటూ. మళ్ళీ ఐదు నుంచి మొదలైంది.

చివరి గుటకల దగ్గర అత్తగారి గొంతు మారింది. "నన్ను అన్నవన్నీ విన్నాను. నా మోకాళ్ళ కోసం డాక్టరుతో నువ్వు పోట్లాడిందీ విన్నాను. మీ ఆయన నన్ను వాళ్ళక్క దగ్గరికి పంపుదామంటే కుదరదన్నదీ విన్నాను. రెండేళ్ళుగా బీరువా దగ్గర నిలబడి 'దిగు తల్లీ' అంటున్నదీ విన్నాను. ఎప్పుడు చెబుతావా అని చూశాను. చెప్పలేదు. అందుకే ఆ రొట్టె పెట్టాను."

గుండుసూదక్క ఈసారి దుప్పటి మీద ఏమీ రాయలేదు. పదో గుటక వేసింది.

గొట్టాన్ని వాళ్ళు ఒక్క ఊపులో తీసేశారు, కచ్చా కుట్టు లాగినంత తేలిగ్గా. ముక్కు మండుతోంది, గొంతు గీరుకుపోయింది. చెప్పాలనుకున్నవి బోలెడన్ని ఉన్నాయి. తీరా లేచి కూర్చున్నాక ఆ బొంగురు గొంతులోంచి వచ్చింది ఒక్కటే.

"ఏ కుండీ అత్తయ్యా?"

"ఎర్రపూలది. ఇప్పుడు తవ్వకు, మొక్క చచ్చిపోతుంది."

నాలుగు రోజులకు రిపోర్టు వచ్చింది. అన్నవాహిక నెట్టడం మానేసింది, అడుగున మూత తెరుచుకోవడం లేదు. జబ్బు పేరు పొడుగ్గా ఉంది గానీ అది భూతం కాదు, దానికి వైద్యం ఉంది. మత్తిచ్చి, లోపలికి బెలూను పంపి, ఆ మూతను సాగదీశారు. నెలన్నర తర్వాత ఇంకోసారి చేశారు. పూర్తిగా పాత మనిషి కాదు. బాగా నమలాలి, నీళ్ళు పక్కనుండాలి, తలవైపు ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. కానీ ముద్ద దిగుతోంది.

తల్లి చెవుల సంగతి విన్న రోజు భర్త సాయంత్రందాకా వ్యానులోనే కూర్చున్నాడు, ఆరేళ్ళలో తానేమేమి అన్నాడో గుర్తు చేసుకుంటూ. ఆ తర్వాత ముక్కాలి పీట దగ్గర ఎవరూ రహస్యాలు మాట్లాడటం లేదు. అనవసరంగా నోరు జారానని ముసలావిడ ఇప్పటికీ బాధపడుతుంది.

రెండో బెలూను తర్వాత పది రోజులకు, ఓ మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. గుండుసూదక్క కూర్చున్నచోటు నుంచి లేవకుండా రొట్టె తింది, గుడ్డు తింది, బంగాళాదుంపలు రెండోసారి వడ్డించుకుంది. భర్త తినడం మానేసి ఆవిడ వైపే చూస్తున్నాడు. ఏదో ఒక మంచిమాట అనాలని అతని నోటిదాకా వచ్చింది.

"చూసింది చాల్లేరా. అన్నం చల్లారిపోతోంది," అంది వాళ్ళమ్మ. తర్వాత కోడలి వైపు తిరిగి, బడివాళ్ళు యూనిఫాంలు రేపు కావాలన్నారని గుర్తు చేసింది. గుండుసూదక్క మూడోసారి దుంపలు వడ్డించుకుని, ఎల్లుండి ఇస్తానని చెప్పమంది.