మామ పుట్టికి బిగించిన పెట్టె

ఇప్పుడు నేను చెప్పబోయేది ఒక మహాకావ్యం. ఇందులో కృష్ణానది ఉంది, గాలివాన ఉంది, నీళ్లలో తప్పిపోయిన వీరుడున్నాడు, ఒడ్డున గుండెలు బాదుకునే ఇల్లాలుంది, పైన ఆకాశంలో ఉపగ్రహాలు కూడా ఉన్నాయి.

నిజానికి అంత లేదు. వీరుడు మా మేనమామ, ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. ఇల్లాలు మా అత్త. ఆమె గుండెలు బాదుకోలేదు, నన్ను బాదింది. ఉపగ్రహాలు వాటి పని అవి చేశాయి. చెయ్యనిది నేనే.

వనపర్తిలో ఐటీఐ ముగించి నేను పడవలకు పెట్టెలు బిగించే పనిలో చేరాను. ఆ పెట్టె ఉపగ్రహాల నుంచి తానున్న చోటు తెలుసుకుని, పడవ పేరు, ఆ చోటు, పోతున్న వేగం ఎవరూ అడగకుండానే రేడియోలో చెబుతూ ఉంటుంది. ఒడ్డున ఒక మేడ మీద పెట్టిన ఏరియల్ ఆ మాటలు అందుకుంటుంది. ఫోన్ తెరిస్తే నీలం నీళ్ల మీద ఎర్రచుక్క కనిపిస్తుంది. సముద్రంలో ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఉండటానికి వచ్చిన పరికరం అది. జూరాల ప్రాజెక్టు వెనుకనీళ్లలో రెండు పుట్టి పడవలు గుద్దుకుంటే ఇద్దరూ తిట్టుకుని ఎవరి దారిన వాళ్లు పోతారు. అయినా గాలికి కొట్టుకుపోయినవాళ్లను వెతకడానికి పనికొస్తుందని, ముందుగా కొన్నింటికి బిగించి చూడమని మా కంట్రాక్టరు నన్ను అమరచింత వైపు పంపాడు.

మొదటి పుట్టి మామది. ఇంకెవరూ ఒప్పుకోలేదు.

బిగించే ముందు పెట్టెలోకి కొన్ని వివరాలు ఎక్కించాలి. ఏరియల్ దగ్గర్నుంచి పడవ ముందు భాగానికి ఎంత దూరం, వెనక భాగానికి ఎంత దూరం అని అడుగుతుంది. పుట్టి అంటే వెదురు బుట్టకు పట్టా చుట్టి తారు పూసిన గుండ్రటి గంప. నేను టేపు పట్టుకుని దాని చుట్టూ రెండుసార్లు తిరిగాను.

“మామా, ముందర ఏది?”

“నేను యాడ కూసుంటే గది ముందర.”

“నువ్వు యాడ కూసుంటవ్?”

“గాలిని బట్టి.”

ఏదో ఒక అంకె వేశాను. అంతా అయ్యాక ఫోన్‌లో చుక్కను చూపిస్తే మామ చాలాసేపు దాన్నే చూశాడు.

“గిది నీకొక్కనికే కనవడ్తదా, అందరికి కనవడ్తదా?”

“ప్రపంచమంతా కనవడ్తది మామా!” అన్నాను, ఆ ప్రపంచాన్ని నేనే కొనిచ్చినంత గొప్పగా.

మామ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. మురిసిపోతున్నాడనుకున్నాను. చేపలు పట్టే ఇంటి మేనల్లుణ్ని, నాకు తెలియాల్సింది. మా దగ్గర వల వేసే చోటు ఎవరూ ఎవరికీ చెప్పరు. తోడబుట్టినవాళ్లకు కూడా చెప్పరు. తూర్పున చేప దొరికితే పడమటి నుంచి ఒడ్డుకొస్తారు. అలాంటి మనిషి నెత్తిన నేను రోజంతా అరిచే పెట్టె కట్టాను.

వేసవి ముదిరాక ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. నేను రేవులో, తర్వాత ఒప్పుకున్న ఇంకొకాయన పడవకు పెట్టె బిగించడానికి బెజ్జాలు వేస్తున్నాను. అత్త కొంగు నెత్తిన పట్టుకుని వచ్చింది.

“మీ మామ పొద్దుగాల్ల పోయిండు, ఇంక రాలే. జర నీ ఫోన్ల సూడు.”

చూశాను. చుక్క నీళ్ల మధ్య గుట్ట దగ్గర ఉంది.

“గుట్ట కాడ ఆగిండు అత్తా. గాలి తగ్గినంక వస్తడు. పరేషాన్ గాకు.”

అప్పటికే ఇంజిన్ పడవ మీద చేపలు పట్టే ఒకాయన మామను వెతకడానికి తాడు లాగి ఇంజిన్ స్టార్ట్ చేశాడు. నా మాట విని ఆపేశాడు.

“మిషనే చెప్పినంక మనం పోవుడెందుకు తమ్మీ?” అని చాయ్ తాగడానికి పోయాడు.

గాలికి చాయ్ హోటల్ రేకు లేచిపోయింది. వడగళ్లు పడ్డాయి. అత్త పది నిమిషాలకోసారి అడిగేది, నేను పది నిమిషాలకోసారి ఫోన్ చూపించేవాణ్ని. చుక్క అక్కడే ఉండేది. ఆమె ముఖం కొంచెం తేటపడేది. నేను బిగించిన పెట్టె ఒక మనిషికి ధైర్యం ఇస్తోందని నాకు లోపల సంతోషంగా కూడా ఉంది.

అలా రెండు గంటలు గడిచాయి.

ఊరికే కూర్చోలేక చుక్కను పెద్దది చేసి చూశాను. అది గుట్ట అంచున లేదు, గుట్ట మీద ఉంది. పొద్దున్నుంచి ఎక్కడ తిరిగిందో చూస్తే, ఏడు గంటలప్పుడు అక్కడికి చేరింది, తర్వాత ఒక్క గజం కూడా జరగలేదు. గట్టుకు కట్టేసిన పుట్టి అయినా గాలికి అటూ ఇటూ ఊగుతుంది. రేకులు ఎగిరే గాలిలో ఇది ఊగలేదు.

చెప్పకుండా ఉందామనిపించింది. అబద్ధమెందుకు, ఒక బీడీ కాల్చేంత సేపు అనిపించింది. ఆ తర్వాత చెప్పాను.

“అంటే ఆడ లేడా?” అంది అత్త.

“పెట్టె ఉంది అత్తా. మామ సంగతి నాకు తెల్వదు.”

“రెండు గంటల సంది నన్ను కూసోవెడ్తివి కదరా!” అని వీపు మీద రెండు దెబ్బలు వేసింది. ఇంకో నాలుగు వేస్తే బాగుండుననిపించింది. మూడోదానికి ఎత్తిన చేత్తో నన్ను పడవ వైపు నెట్టింది.

చాయ్ దగ్గర్నుంచి ఇంజిన్ పడవ ఆయన్ను లేపి, ముగ్గురం ఆయన పడవలో గుట్టకు పోయాం. వాన ఆగింది కానీ అలలు తగ్గలేదు. గుట్ట మీద సర్కారు తుమ్మ చెట్టుకు పెట్టె కట్టి ఉంది. మామ ఏరియల్ నిటారుగా నిలబెట్టి మూడు వైపులా తాడు కట్టాడు. బ్యాటరీని యూరియా సంచిలో చుట్టి, చదునైన రాయి మీద పెట్టాడు. నేను పుట్టికి బిగించినదానికన్నా నీటుగా ఉంది.

“నీ ఉద్యోగం మీ మామకిస్తే అయిపోవు,” అన్నాడు ఇంజిన్ పడవ ఆయన. ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు.

ఎటు చూసినా నీళ్లే. ఎటు పోవాలి?

“వదినె, అన్న వల యాడేస్తడో చెప్పు.”

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెలియని మనిషి అలా చెయ్యదు. ఆమెకు తెలుసు. మామ ఈ లోకంలో ఆమె ఒక్కదానికే చెప్పాడు. చెప్పకూడని మనుషుల్లో మొదటివాడు ఇప్పుడు ఇంజిన్ పట్టుకుని కూర్చున్నాడు.

“అత్తా! మనిషి ఉన్నడో లేడో తెల్వదు!” అని అరిచాను.

“గటు పోనియ్యి,” అంది.

“గటంటే ఎటు?”

“నేను చెయ్యి సూపిస్త. నువ్వు నీళ్లనే సూడు. ఒడ్డు దిక్కు సూడకు.”

ఒడ్డున ఉన్న చెట్టునూ, దాని వెనక టవర్‌నూ ఒకే గీతలో పట్టుకుంటే నీళ్లలో ఏ చోటైనా గుర్తుండిపోతుంది. ఆమెకు ఆ భయం.

“నీ మొగుణ్ని దేవులాడనీకి వచ్చిన వదినె, చేపలకు గాదు!”

“తెల్సు. అయినా సూడకు.”

ఆయన తల వంచుకుని నడిపాడు. నేను కూడా, ఎందుకో, తల వంచుకున్నాను.

ముందు పుట్టి కనిపించింది, బోర్లించిన మూకుడులా, చుట్టూ ఎవరూ లేకుండా. అత్త నోటి నుంచి ఒక శబ్దం వచ్చింది. దాని గురించి నేనేమీ రాయను.

మరో వంద గజాల అవతల మామ నిలబడి ఉన్నాడు. నీళ్ల మీద కాదు, అంత మహిమ లేదు. ప్రాజెక్టులో మునిగిన ఊరి మొండిగోడ ఒకటి అక్కడ నీళ్ల కింద ఉంది. దాని మీద, ఛాతీ లోతు నీళ్లలో, ఒక చేత్తో వల పట్టుకుని ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. పడవలోకి లాగితే దవడలు కొట్టుకుంటున్నాయి. ముందు అత్తను చూశాడు, తర్వాత ఇంజిన్ పడవ ఆయన్ను చూశాడు.

“ఈన్నెందుకు తోల్కొచ్చినవే?”

“సూడొద్దని చెప్పిన,” అంది అత్త, మామ అంగీ పట్టుకుని ఏడుస్తూ.

“నేనేం సూడలే అన్నా,” అన్నాడాయన, ఇంకా తల వంచుకునే.

దవాఖానలో మామకు రెండు రోజులు జ్వరం. పక్కనే కూర్చున్నాను. పెట్టె పుట్టిలోనే ఉంచుకుని ఉంటే ఫోన్ తీసిన వెంటనే దొరికేవాడు కదా అని మనసులో ఆయన మీద కోపం. నేను ఆ రెండు గంటలు తినెయ్యకపోతే ఇలా అయ్యేది కాదని నా మీద కోపం. రెండో రోజు ఉండబట్టలేక అడిగాను.

“ఎందుకు తీసినవ్ మామా?”

“నువ్వే అంటివి కద అల్లుడా, ప్రపంచమంతా కనవడ్తదని.”

ఎవరిది ఎంత తప్పో తేల్చి కంట్రాక్టరుకు రిపోర్టు రాద్దామని, పెట్టెతో వచ్చిన పుస్తకం మొదటిసారి పూర్తిగా చదివాను. బ్యాటరీ తడిస్తే పెట్టె ఆగిపోతుంది. ఆగిన కొద్ది నిమిషాలకు చుక్క తెర మీద నుంచి పోతుంది. పుట్టి తిరగబడినప్పుడు బ్యాటరీ తడుస్తుంది. పెట్టె మామ పుట్టిలోనే ఉన్నా, అది తిరగబడ్డాక నా ఫోన్‌లో ఉత్త నీలం నీళ్లే మిగిలేవి.